ఫొటోలున్నా మొక్క పేరు తేలకపోతే

ఆదివారం బృందంతో వెళ్లి 60 ఫొటోలు తీసినా ఒక్క అడవి మొక్క పేరూ తేలలేదని బాధపడ్డారు. మీ శ్రమ వృథా కాలేదండీ, అన్నీ పైనుంచి తీసిన పూల ఫొటోలు కావడమే చిక్కు.

ఈసారి ఆకు కాండాన్ని అంటుకున్న చోటును దగ్గరగా తీయండి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటిగానా అన్నది అక్కడే తెలుస్తుంది. మొగ్గనూ వెతకండి. అది ఆకు మొదట్లో ఉంటుంది, ఒకే ఆకులో విడివిడి భాగాలైన చిట్టి పత్రకాల మొదట్లో ఉండదు. కాబట్టి మీరు పది ఆకులనుకున్నది ఒకే ఆకు కావచ్చు! కాండాన్ని వేళ్లతో తడిమితే నాలుగు పలకలు తగిలి, ఆకులు ఎదురెదురుగా ఉంటే ముందు తులసి కుటుంబంలో చూడండి.

పాలు కారే మొక్కల్ని మాత్రం తాకవద్దు. గుర్తుపట్టడానికని దేన్నీ రుచి చూడవద్దు, పీకవద్దు. ఇద్దరిద్దరుగా నడిచి, ఒకరు ఫొటో తీస్తుంటే మరొకరు నేల, నీడ, వాసన రాసుకోండి.