కాక్‌పిట్‌లో చిన్నమ్మాయి కనిపిస్తే భయపడాలా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. విమానం ఎక్కుతూ కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తే పాతికేళ్లు కూడా ఉండని అమ్మాయి కుడి సీట్లో కనిపించిందనీ, దిగేదాకా ఒకటే టెన్షన్ అనీ, అనుభవం లేనివాళ్లతో వెళ్లడం ప్రమాదం కాదా అనీ అడిగారు. నేను ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి కెప్టెన్‌ని. మీరు చూసి ధైర్యం తెచ్చుకుంటారే, ఎడమ సీట్లో ఆ నెరిసిన తల, అది నాది. ఆ తలకాయ సంగతే చెప్తాను.

ఐదేళ్ల కిందటి మాట. హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, తిరుపతి అలా రోజంతా తిరిగేవాళ్లం. ఆ రోజు నా పక్కన కోపైలట్‌గా వచ్చింది అలాంటి చిన్నమ్మాయే. పొద్దున మొదటి ఫ్లైట్లోనే చెక్‌లిస్ట్ మరీ నిదానంగా, ఒక్కో స్విచ్ చూసుకుంటూ చదువుతోందని "త్వరగా కానీయమ్మా" అని విసుక్కున్నాను. సాయంత్రం ఐదో ఫ్లైట్, విజయవాడ నుంచి వెనక్కి. గాల్లో ఉండేది ముప్పావుగంట కూడా కాదు, నాకు కళ్లు మూసుకున్నా వచ్చే దారి. (నిజంగానే మూసుకున్నట్టయింది, చూడండి.) ఏటీఆర్‌లో టేకాఫ్‌కి ఫ్లాప్స్ 15లో పెట్టాలి, అంటే రెక్క వెనక అంచున ఉండే పలకలు కాస్త కిందికి దించాలి, లేకపోతే ఆ వేగానికి విమానం సరిగ్గా లేవదు. కదిలేటప్పుడు పెట్టమని నేను చెప్పాలి, సరిగ్గా అప్పుడే టవర్ నుంచి ఆగమని ఏదో వచ్చింది, ఆ గోలలో అది జారిపోయింది. కాసేపటికి తను చెక్‌లిస్ట్ అందుకుని "ఫ్లాప్స్?" అంది. "ఫిఫ్టీన్" అన్నాను. లీవర్ వైపు చూసే అన్నానని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. తను మాత్రం తర్వాతి లైనుకి వెళ్లలేదు. "సార్, జీరోలో ఉంది" అంది, వినపడీ వినపడనట్టు.

పవర్ పెంచగానే ఎలాగూ అలారం మోగేదిలే అని ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నా. కానీ 1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ కంపెనీ విమానం, ఫ్లైట్ 255, ఇలాగే ఫ్లాప్స్ పెట్టకుండా టేకాఫ్‌కి వెళ్లింది. టాక్సీ చెక్‌లిస్ట్, అంటే రన్‌వే దాకా కదిలేటప్పుడు చదవాల్సింది, చదవనే లేదు, మోగాల్సిన అలారానికేమో కరెంటు అందలేదు. విమానంలోనూ కింద రోడ్డు మీదా కలిపి 156 మంది పోయారు, విమానంలో ఉన్నవాళ్లలో బతికింది నాలుగేళ్ల పాప ఒక్కతే. ఆ కెప్టెన్ ఎగిరినవి 20 వేల గంటల పైమాటే. నావి అందులో సగం కూడా లేవు.

నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టింది మాత్రం మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు కదా. కెప్టెన్‌కి 10 వేల గంటలు దాటాయి, దారిలో గంటన్నరకి పైగా నిద్రపోయాడు, గురక కూడా రికార్డయింది. విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో వస్తోందని కోపైలట్‌కి తెలుసు, "గో అరౌండ్", అంటే దిగకుండా మళ్లీ పైకి లేపండి, అని మూడుసార్లు అన్నాడు. ఆయన వినలేదు, ఇతను కంట్రోల్స్ లాక్కోలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ పొద్దుటి విసుగు గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో దిగాక ఆ అమ్మాయి ఏమందో తెలుసా? "చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను సార్, పొద్దున తిట్టారు కదా." ఇంకాస్త గట్టిగా తిట్టి ఉంటే?

అనుభవం దండగ అనడం లేదు. వానాకాలంలో రాడార్ మీద ఎర్రగా కనపడే మేఘాన్ని ఎటు నుంచి తప్పించాలో, ఎప్పుడు ఇక చాలనుకుని వెనక్కి తిరగాలో నాకు తెలిసినంత తనకి తెలీదు, అందుకే ఎడమ సీటు నాది. పని రాకుండా మాత్రం ఎవరినీ కుడి సీట్లో కూర్చోబెట్టరు. 200 గంటలు ఎగిరితేగానీ కమర్షియల్ లైసెన్స్ రాదు, ఆ పైన ఆ రకం విమానం మీద విడిగా శిక్షణ, తర్వాత ట్రైనర్ పక్కన కొన్నాళ్లు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో తనకీ నాకూ పరీక్ష తప్పదు. కానీ ఆ పరీక్షకి అందరం ఒళ్లు దగ్గర పెట్టుకునే వెళ్తాం, ఐదో ఫ్లైట్‌ సాయంత్రం "ఆ, ఏముందిలే" అనుకోవడం అందులో దొరకదు.

జరిగింది రిపోర్ట్ రాసిచ్చాను. "ఎవరూ చూడందానికి నువ్వెందుకయ్యా రాశావు" అన్నాడో సీనియర్. ఎవరూ చూడకపోవడమేంటి, తను చూసింది కదా. అప్పట్నుంచి లీవర్ మీద చెయ్యి వేశాకే నోరు తెరుస్తున్నాను, ఇంట్లో గ్యాస్ కట్టేశావా అని అడిగినా వెళ్లి నాబ్ పట్టుకుని చూసి జవాబిస్తానని మా ఆవిడ ఒకటే నవ్వు.

మీరు చూసింది ఆ అమ్మాయిని అయ్యుండదు లెండి. తనకి పోయినేడే కమాండ్ వచ్చింది, అంటే కెప్టెన్ అయింది, ఇప్పుడు ఎడమ సీట్లో ఉంటోంది.