మధ్యశ్రేణి గేమింగ్ ఫోన్‌ను నలభయ్యో నిమిషంలో చూడాలి

రోజుకు రెండు గంటల వరకు గేమ్‌లు ఆడతానని, చదువు పనులు, వీడియో కాల్స్, ఫొటోలు అన్నీ అదే ఫోన్‌తో సాగాలని, కనీసం మూడేళ్లు నిలవాలని మీరు రాశారు. ఇందుకు మధ్యశ్రేణి గేమింగ్ ఫోన్ సరిపోతుందా, లేక అదే ధరకు దొరికే రెండేళ్ల కిందటి ఖరీదైన మోడల్ మేలా అన్నది మీ ప్రశ్న. నేను అటువంటి మధ్యశ్రేణి గేమింగ్ ఫోన్‌ను రెండేళ్ల మూడు నెలలుగా వాడుతున్నాను కనుక ఆ అనుభవంతోనే చెబుతున్నాను. ఇటువంటి ఫోన్ తప్పకుండా తీసుకోవచ్చు. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన అంకెలను నమ్మి తీసుకోవద్దు. నలభై నిమిషాలు ఆపకుండా ఆడిన తరువాత ఆ ఫోన్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకున్నాకే తీసుకోండి.

ధరకు హద్దు ఉన్నప్పుడు తయారీదారు ఒకచోట ధారాళంగా ఖర్చు పెడితే మరొకచోట చెయ్యి బిగబట్టక తప్పదు. గేమింగ్ ఫోన్లలో ఆ ధారాళం ప్రాసెసర్ మీద, తెర మీద కనిపిస్తుంది. 2018లో వచ్చిన పోకో ఎఫ్1 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఖరీదైన ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 845 చిప్‌నే అందులోనూ పెట్టారు, వెనుక భాగాన్ని మాత్రం ప్లాస్టిక్‌తో సరిపెట్టారు. ఆడేవారికి ఆ బేరం గిట్టుబాటుగానే తోచింది. నా ఫోన్‌లోనూ ఇదే పద్ధతి. గేమ్ త్వరగా తెరుచుకుంటుంది, మ్యాచ్ మొదలయ్యేసరికి అందరికన్నా ముందే లోపల ఉంటాను, తెర మీద కదలికలు నునుపుగా సాగుతాయి.

తెర గురించి ఒక చిన్న లెక్క తెలిసి ఉండాలి. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మను చూపగలదో హెర్ట్జ్ అంకె చెబుతుంది, ఆ ఒక్కో బొమ్మే ఫ్రేమ్. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 120 హెర్ట్జ్ తెర మీద 8.3 మిల్లీసెకన్లు మాత్రమే నిలుస్తుంది. 2017లో రేజర్ ఫోన్ వచ్చినప్పుడు 120 హెర్ట్జ్ తెరను విశేషంగా చెప్పుకున్నారు, ఇప్పుడది మధ్యశ్రేణిలో మామూలైపోయింది. కానీ తెర 120 హెర్ట్జ్ అయినంత మాత్రాన గేమ్ కూడా సెకనుకు 120 ఫ్రేమ్‌లు ఇస్తుందని అనుకోకూడదు. ఫలానా మోడల్‌లో ఎన్ని ఫ్రేమ్‌ల వరకు అనుమతించాలో గేమ్ తయారు చేసినవారే నిర్ణయిస్తారు. నేను ఎక్కువగా ఆడే గేమ్ నా ఫోన్‌లో నేటికీ 60 దగ్గరే ఆగిపోతుంది. కొనేముందు మీ గేమ్‌ పేరు, ఆ ఫోన్ మోడల్ పేరు కలిపి వెతికి, సెట్టింగ్స్‌లో ఏ ఫ్రేమ్ రేట్ వరకు కనిపిస్తుందో చూసుకోండి. నేను ఆ పని చేయలేదు, కొన్న మొదటి సాయంత్రమే ఆ సంగతి తెలిసి మనసు కష్టపడింది.

అసలు విషయం వేడి. ఫోన్‌లో సాధారణంగా ఫ్యాన్ ఉండదు. చిప్ దగ్గర పుట్టిన వేడిని గ్రాఫైట్ పొరలు గానీ, వేపర్ ఛాంబర్ గానీ ఫోన్ ఒళ్లంతా పరచాలి. వేపర్ ఛాంబర్ అంటే లోపల కాస్త ద్రవం ఉన్న పలుచని లోహపు అర. చిప్ దగ్గర ఆ ద్రవం ఆవిరై, చల్లగా ఉన్న వైపు వెళ్లి మళ్లీ ద్రవంగా మారుతూ వేడిని మోసుకుపోతుంది. ఇది వేడిని పరుస్తుందే తప్ప మాయం చేయదు. ఫోన్ ఒళ్లంతా వేడెక్కిపోయిన తరువాత ఇక పరచడానికి చోటు ఉండదు, అప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. పెట్టె మీది అంకెలు ఈ ఘట్టానికి ముందువి.

నా ఫోన్‌లో ఫ్రేమ్ కౌంటర్ ఆన్ చేసి కొన్ని రోజులు రాసుకున్నాను. గ్రాఫిక్స్ ‘హై’లో పెడితే మొదటి పదిహేను నిమిషాలు 58, 60 మధ్య నిలకడగా ఉంటుంది. ఇరవై రెండో నిమిషం ప్రాంతంలో ఎడమచేతి చూపుడువేలు ఆనే చోట, అంటే కెమెరాకు పక్కనున్న లోహపు అంచు దగ్గర, వేలు ఉంచలేనంత వేడి మొదలవుతుంది. తెర వెలుతురు దానంతటదే ఒక మెట్టు తగ్గుతుంది. ఆ తరువాత అంకె 45కు పడి, 52కు లేచి, మళ్లీ పడుతుంది. ఆటగాణ్ని దెబ్బతీసేది ఈ ఎగుడుదిగుడే. 45 దగ్గర స్థిరంగా నిలిస్తే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. పడుతూ లేస్తూ ఉంటే గురి పెట్టిన చోట దెబ్బ పడదు. ఆట చివర్లో ఎదుటివాడు గోడ చాటు నుంచి బయటికి వచ్చిన క్షణంలో ఒక్క ఫ్రేమ్ 50 మిల్లీసెకన్లు నిలిచిపోయిందంటే, మూడు ఫ్రేమ్‌ల కాలం మీరు చూడనట్టే. సగటు ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు సగటున ఎన్ని ఫ్రేమ్‌లన్న లెక్కలో, ఆ క్షణం కనిపించదు, అందుకే సమీక్షల్లో సగటు ఒక్కటే ఇస్తే నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఫోన్ గ్రాఫిక్స్ వేగాన్ని కొలిచే త్రీడీమార్క్ యాప్‌లోని వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు సమీక్షల్లో తరచుగా దొరుకుతాయి. అది ఒకే నిమిషం పరీక్షను 20 సార్లు వరుసగా నడిపి, ప్రతిసారీ వచ్చిన స్కోర్‌ను చూపుతుంది. అందులో చాలామంది స్థిరత్వం శాతాన్నే, అంటే అతి తక్కువ స్కోర్ అతి ఎక్కువ స్కోర్‌లో ఎంత శాతమో దాన్నే చూస్తారు కానీ, అది ఒక్కటే చూస్తే పొరపడతాం. మొదటి నుంచీ నెమ్మదిగా నడిచే చిప్ 99 శాతం స్థిరంగా ఉండవచ్చు, బాగా వేగమైన చిప్ 70 శాతానికి పడిపోయినా దానికన్నా ముందే ఉండవచ్చు. అన్నింటికన్నా తక్కువ వచ్చిన స్కోర్ ఎంతో చూసి, రెండు ఫోన్లను ఆ అంకెతో పోల్చండి.

వేడి విషయంలో నాకు బాగా పనికొచ్చినవి రెండే. వెనుక కేస్ తీసేసి ఆడితే ఫ్రేమ్‌లు పడటం ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమైంది. నీడలు ఆపేసి, గ్రాఫిక్స్ ‘మీడియం’కు దించితే గంటసేపు 60 దగ్గరే నిలిచింది. ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు. కొందరు వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెడతారు. దయచేసి ఆ పని చేయకండి, లోపల తేమ చేరితే ఫోన్‌కే చేటు.

బ్యాటరీ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇది వివరంగా రాస్తున్నాను. నా ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది, కొత్తలో ఐదు గంటలు ఆడుకునేవాణ్ని. మొదటి ఎనిమిది నెలలు ఛార్జర్ పెట్టి ఉంచే ఆడాను. ఇప్పుడు మూడు గంటల ముప్పావు దాటడం లేదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి కీడు, ఎప్పుడూ నిండుగా ఉండటమూ కీడే. ఛార్జింగ్ పెట్టి ఆడినప్పుడు ఈ రెండూ ఒకేసారి దాని మీద పడతాయి. కొన్ని గేమింగ్ ఫోన్లలో బైపాస్ ఛార్జింగ్ ఉంటుంది, అంటే ఛార్జర్ నుంచి వచ్చే కరెంటు బ్యాటరీని తాకకుండా నేరుగా ఫోన్‌ను నడుపుతుంది. ఎక్కువ వాట్ల ఛార్జర్ కన్నా ఈ సదుపాయం ఎంతో విలువైనదని నా నమ్మకం. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమం ప్రకారం అక్కడ అమ్మే స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీ 800 ఛార్జింగ్ చక్రాల (పూర్తిగా నింపి వాడిన విడతల) తరువాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి, ఎన్ని చక్రాలన్నది లేబుల్ మీద చూపాలి. మీరు చూస్తున్న మోడల్ అక్కడా అమ్ముడవుతుంటే ఆ లేబుల్ వెతికి చూడండి.

స్టోరేజ్ గురించి క్లుప్తంగా చెబుతాను. స్టోరేజ్ చిప్ రకాల్లో వేగమైన యూఎఫ్ఎస్ 3.1 ఉంటే మంచిది, యూఎఫ్ఎస్ 2.2 ఉన్నా నడుస్తుంది, నెమ్మదైన పాత రకం ఈఎంఎంసీ అయితే వదిలేయండి. పెద్ద గేమ్ ఒక్కటే 20 జీబీ దాటే రోజులు కనుక 128 జీబీ త్వరగా ఇరుకైపోతుంది. ‘వర్చువల్ ర్యామ్’ అంటే స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌కు సాయంగా వాడటమే, దాన్ని అసలు ర్యామ్‌తో కలిపి లెక్కించకండి. గైరోస్కోప్‌తో, అంటే ఫోన్‌ను అటూ ఇటూ వంచుతూ, గురి పెట్టే అలవాటు ఉంటే అసలైన గైరోస్కోప్ సెన్సర్ ఉందో లేదో చూసుకోండి, కొన్ని చవక మోడళ్లలో అది ఉండదు.

ఇక చెయ్యి బిగబట్టిన చోట్లు. నా ఫోన్ కెమెరాకు ఆప్టికల్ స్టెబిలైజేషన్, అంటే చెయ్యి వణుకును లెన్స్ కదలికతో సరిచేసే ఏర్పాటు, లేదు. పగటి వెలుతురులో ఫొటోలు చక్కగా వస్తాయి, సాయంత్రం దాటాక చెయ్యి కాస్త కదిలినా ఫొటో అలికినట్టు వస్తుంది. 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా పేరుకు ఉందంతే. 3.5 ఎంఎం జాక్ లేకపోవడం నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధించిన లోటు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, అడుగుల చప్పుడు వినిపించేలోపే మనిషి తలుపు దాటి వచ్చేస్తాడు. ఇప్పుడు టైప్ సీ ఇయర్‌ఫోన్లు వాడుతున్నాను, దాంతో ఆ బాధ తీరింది కానీ ఆడేటప్పుడు ఛార్జింగ్ పెట్టే దారి మూసుకుపోయింది. నా బ్యాటరీకి అదే మేలయింది.

మీరు అడిగిన రెండో దారి, పాత ఖరీదైన మోడల్, కెమెరాలో తప్పకుండా ముందుంటుంది, ఆటలోనూ చాలాసార్లు ముందుంటుంది. కానీ దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల కాలం రెండేళ్లు అప్పటికే కరిగిపోయి ఉంటుంది. పైగా అది వాడిన ఫోన్ అయితే బ్యాటరీ కూడా కొంత అరిగి ఉంటుంది. మీకు మూడేళ్ల షరతు ఉంది కనుక, ఇంకా మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు మిగిలి ఉండి, బ్యాటరీ కొత్తది వేయించుకునే వీలుంటేనే పాతదాని వైపు వెళ్లండి. లేదంటే కొత్త మధ్యశ్రేణి ఫోన్లలో బైపాస్ ఛార్జింగ్ ఉన్నవాటిని ముందు విడదీసి, స్ట్రెస్ టెస్ట్‌లో వాటి అతి తక్కువ స్కోర్లను పక్కపక్కన రాసుకుని చూడండి. మీ స్థానంలో నేనుంటే అందులో పై వరుసలో నిలిచిన ఫోన్‌నే, 256 జీబీ రకంలో తీసుకుంటాను.