ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్.ఏ. కప్ మొట్టమొదటి ఫైనల్లో కాలర్ బోన్ విరిగినా ఒకాయన చివరిదాకా మైదానంలోనే ఉన్నాడట. ఇది నమ్మొచ్చా?

నమ్మొచ్చండీ. ఆయన పేరు ఎడ్మండ్ క్రెస్వెల్. 1872లో ఫైనల్ ఆడిన రాయల్ ఇంజనీర్స్ అనే సైనిక జట్టులో లెఫ్టినెంట్. "అంత నొప్పితో అసలు నిలబడగలరా" అని కూడా అడిగారు కదా, అదే ఎముక నాకూ ఆటలోనే విరిగింది కాబట్టి చెప్పగలను.

సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసుల టోర్నమెంటులో హెడర్ కోసం ఎగిరి, భుజం మీద పడ్డాను. టక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. ఒళ్లు వేడి మీద ఉండటంవల్ల మొదట నొప్పి పెద్దగా తెలియలేదు. లేచి పరిగెత్తబోయాక తెలిసింది. అడుగు పడ్డప్పుడల్లా విరిగిన కొసలు రెండూ రాసుకుంటాయి. రెండో చేత్తో మోచేతిని కిందనుంచి ఎత్తి పట్టుకుంటే కాస్త ప్రాణం కుదుటపడుతుంది. అలా పట్టుకుని నడవొచ్చు, మెల్లగా నాలుగడుగులు ఉరకొచ్చు కూడా. కానీ చేతులు ఊగకుండా పరుగు సాగదు, బ్యాలెన్స్ తప్పుతుంది. పక్కనుంచి ఎవరైనా మీదికొస్తుంటే చాలు, టెన్షన్‌తో ఒళ్లంతా బిగుసుకుపోతుంది. మా బెంచి మీద కుర్రాళ్లు ఉన్నారు కాబట్టి నన్ను దింపేశారు.

క్రెస్వెల్‌కి ఆ దారి లేదు. సబ్‌స్టిట్యూట్ అన్న ఏర్పాటే అప్పట్లో లేదు, ఇంగ్లిష్ లీగ్‌లోకి అది 1965లో గానీ రాలేదు. ఆయన బయటికొస్తే జట్టు పదిమందితో ఆడాల్సిందే. పైగా దెబ్బ తగిలింది ఆట మొదలైన పది నిమిషాలకే, ఆడాల్సిందేమో గంటన్నర. అందుకే వింగ్ వైపుకి, అంటే మైదానం పక్క అంచుకి జరిగి, నొప్పి భరిస్తూ చివరి విజిల్ దాకా అక్కడే ఉండిపోయాడు. ఆడినందుకు పైసా రాదు. మర్నాడు డ్యూటీకి ఆ చెయ్యి కావాల్సిన సైనికుడు ఆయన. ఇది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో, సుమారు 2,000 మంది ముందు ఆ మ్యాచ్ జరిగింది. గెలుస్తారని అందరూ అనుకున్నది ఇంజనీర్స్ గురించే. బంతి దొరికితే ఒక్కడే డ్రిబుల్ చేసుకుంటూ పోయే రోజుల్లో వాళ్లు ఒకరికొకరు పాస్ చేసుకుంటూ ఆడేవారు. అలాంటి ఆటలో ఒక మనిషి సగమైపోతే గొలుసే తెగుతుంది. క్రెస్వెల్ పడిన కాసేపటికే ఎదుటి జట్టు వాండరర్స్ తరఫున 18 ఏళ్ల రాబర్ట్ వైడల్ బంతిని ముందుకు తీసుకెళ్లి ఇచ్చాడు, మోర్టన్ బెట్స్ గోల్ కొట్టాడు. (బెట్స్ ఆ రోజు ఆడింది 'ఎ.హెచ్. చెకర్' అనే మారుపేరుతో. ఆయన ఆడిన హారో చెకర్స్ క్లబ్బుకి మొదటి రౌండులో వాండరర్స్‌తోనే జోడీ పడితే, చెకర్స్ వాళ్లు ఆడకుండా తప్పుకున్నారు.)

స్కోరు 1-0 దగ్గరే ఆగింది. వింగ్‌లో నిలబడ్డవాడు పరిగెత్తలేకపోయినా, వచ్చిన బంతిని కాలితో పక్కకి తోయగలడు. ఎదుటి జట్టు అతన్ని పూర్తిగా వదిలేసి పోలేదు. ఇంజనీర్స్ మీద రెండో గోల్ పడకపోవడంలో క్రెస్వెల్ పాత్ర కూడా ఉందనే నేను గట్టిగా నమ్ముతాను.