దానానికి ఎవరైనా గురవుతారా?

సందేహం: చైనాలో ఖైదీల అవయవాలు తీసి అమ్ముకోవడంపై 2014లో వచ్చిన ‘హ్యూమన్ హార్వెస్ట్’ డాక్యుమెంటరీకి మిత్రులం కలిసి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. ‘మనస్సాక్షి ఖైదీలు బలవంతపు అవయవదానానికి గురయ్యారట’ అని రాశాను. సరేనా?

సమాధానం: మీ వాక్యంలో ‘గురయ్యారు’ అన్నది బాగుంది. దాడికి గురవుతాం, మోసానికి గురవుతాం. దానానికి ఎవరూ గురికారు. క్రియ నిజం చెబుతోంది, నామవాచకమే తప్పింది.

తనదైన దాని మీద తన హక్కు తానే వదులుకొని ఇంకొకరి సొంతం చేయడం దానమని మన శాస్త్రాలు చెబుతాయి. కవచకుండలాలు తన చేత్తో ఒలిచి ఇచ్చాడు కనకే కర్ణుడు దాత. మా బంధువులింట బ్రెయిన్‌డెడ్ అయిన పిల్లాడి అవయవాలు ఇచ్చేటప్పుడు, వాళ్లమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకొని విని వేలిముద్ర వేసింది. ‘గుండె ఎవరికి పెడతారో చెప్తారా?’ అని అడిగింది. దానమనే మాట ఆ తల్లిది. జైల్లో పెట్టి తీసుకున్నదానికి అది వాడకండి, పక్కన ‘బలవంతపు’ అని చేర్చినా సరే.

మరి ఏమనాలి? చైనా భాషలో దీన్ని ‘హువో జాయ్’ అంటారు. హువో అంటే ప్రాణంతో ఉన్న, జాయ్ అంటే పువ్వునో పండునో కోయడం. మనకూ పూలు కోయడానికీ, పంట కోయడానికీ, గొంతు కోయడానికీ ఒకటే క్రియ. కాబట్టి సంభాషణల్లో ‘బతికుండగానే కోసి తీసుకున్నారు’ అని రాయండి, ఇంతకన్నా సూటి మాట లేదు. ‘అవయవాల కోత’ అని మాత్రం వద్దు, కరెంటు కోత, జీతాల కోత గుర్తొస్తాయి. నామవాచకం కావాలంటే ‘అవయవాల అపహరణ’. అపహరణను పత్రికలు కిడ్నాప్‌కే పరిమితం చేశాయి కానీ, పరుల సొత్తు లాక్కోవడమే దాని అసలు అర్థం. అందులోనే బలవంతం ఉంది, ‘బలవంతపు’ అక్కర్లేదు. ‘సేకరణ’ అస్సలు వద్దు, అది ధాన్యానికి వాడే మాట.

ఇక ‘గురయ్యారట’లోని చివరి అక్షరం. విన్నది చెబుతున్నాను, నిజమో కాదో నాకు తెలియదు అన్న అర్థం ‘ట’లో ఉంది. చైనాలో 1999లో నిషేధానికి గురైన ఫాలున్ గాంగ్ అనే ధ్యాన ఉద్యమ సాధకుల గురించి కెనడాకు చెందిన మాజీ ఎంపీ డేవిడ్ కిల్గోర్, మానవహక్కుల న్యాయవాది డేవిడ్ మాటాస్ 2006 జులైలో నివేదిక ఇచ్చారు. ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కిడ్నీ చైనాలో వారాల్లో ఎలా దొరుకుతోందన్నది వాళ్లు లేవనెత్తిన ప్రశ్నల్లో ఒకటి. బ్రిటన్ న్యాయవాది జెఫ్రీ నైస్ అధ్యక్షతన లండన్‌లో కూర్చున్న చైనా ట్రిబ్యునల్ సాక్షులను విని, ఈ అపహరణ ఏళ్లుగా జరిగిందని 2019 జూన్‌లో తేల్చిచెప్పింది. అది ప్రభుత్వ న్యాయస్థానం కాదు, పౌరులు ఏర్పాటుచేసుకున్నది. చైనా ప్రభుత్వం ఈ ఆరోపణలను ఖండిస్తోంది. ఎవరు తేల్చారో, ఎవరు కాదన్నారో పేరుపెట్టి రాస్తే ‘ట’తో పని ఉండదు. ఇంత సాక్ష్యం విన్నాక ‘ట’ అనడం ఆ సాక్షులను అనుమానించడమే అవుతుంది.

‘మనస్సాక్షి ఖైదీ’ ఉంచండి. యుద్ధఖైదీ, రాజకీయఖైదీల వరసలోదే. 1961లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వ్యవస్థాపకుడు పీటర్ బెనెన్సన్ వాడుకలోకి తెచ్చిన మాటకు అనువాదం. తొలిసారి వచ్చినచోట ‘నమ్మకం కోసం జైలుపాలైనవారు’ అని విప్పితే చాలు.

మీ వాక్యం ఇలా మార్చండి: ‘మనస్సాక్షి ఖైదీల (నమ్మకం కోసం జైలుపాలైనవారి) అవయవాలను కోసి తీసుకున్నారని కిల్గోర్, మాటాస్ నివేదిక చెప్పింది.’