ప్రకృతి వ్యవసాయ వ్యాపారాల్లో శిక్షణ ఇస్తే పల్లెలో పేదరికం తగ్గుతుందా?

మీ మండలంలోని పొదుపు సంఘాల మహిళలకు, చదువు మధ్యలో ఆపేసిన యువకులకు ప్రకృతి వ్యవసాయంపై ఆధారపడిన చిన్న వ్యాపారాల్లో శిక్షణ ఇప్పిస్తే వారి పేదరికం తగ్గుతుందా అని అడిగారు. అనంతపురం జిల్లాలో పురుగులను అదుపుచేసే ఆకుల కషాయాలు, పేడ, గోమూత్రంతో చేసే జీవామృతం అమ్మే ఎన్‌పీఎం (పురుగుమందులు లేని సాగు) షాపులు పెట్టుకున్న సంఘ సభ్యులకు లెక్కలు నేర్పే పని కొంతకాలం చేశాను. తగ్గుతుంది, అయితే కషాయం తయారీకి ఇచ్చినంత సమయం అప్పు ఖాతా నడపడానికీ ఇచ్చిన చోటనే తగ్గుతుందన్నది నా అభిప్రాయం.

తయారీ నేర్పడం పెద్ద పని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) చేపట్టిన పురుగుమందులు లేని సాగు, ఆ తర్వాత ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాల ద్వారానే పల్లెలకు చేరాయి కనుక, ఈ పద్ధతులు తెలిసినవారు చాలా ఊళ్లలో దొరుకుతారు. ఎకరానికి సరిపడే 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలని వారు తడుముకోకుండా చెబుతారు. ధర ఎంత పెట్టాలని అడిగితే మాత్రం బెల్లం, పిండి ఖరీదు కూడి చెబుతారే తప్ప పేడ మోసిన కూలి, రోజూ డ్రమ్ము కలిపిన శ్రమ, అమ్ముడుపోక పారబోసిన సరుకు ఆ లెక్కలోకి రావు. జీవామృతం పట్టుమని రెండు వారాలు నిలవదు. దాని గట్టి రూపమైన ఘనజీవామృతం నీడన ఆరబెడితే నెలల తరబడి ఉంటుంది. అందుచేత ద్రవాలను ముందుగా అడిగినవారికే కలిపి, షాపులో ఘనజీవామృతాన్నే నిల్వ పెట్టుకోవాలి.

అసలు చిక్కు అప్పు దగ్గర వస్తుంది. ఎరువుల అంగడివాడు వేరుశనగ రైతుకు పంట చేతికొచ్చేదాకా సరుకు అప్పు ఇస్తాడు; వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది, చాలాచోట్ల పంట కూడా అతనికే అమ్మాలి. సంఘం నుంచి అప్పు తెచ్చి షాపు పెట్టిన మహిళ నెలనెలా కంతు కట్టాలి కనుక అన్ని నెలలు ఆగే వీలు లేదు. ఆగితే ఆమె కంతు తప్పుతుంది, ఆగకపోతే రైతు మళ్లీ పాత అంగడికే పోతాడు. నేను చూసినంతలో నిలదొక్కుకున్న షాపులు మొదట ఆకుకూరలు, కూరగాయలు, పూలు పండించేవారితో బేరం పెట్టుకున్నవే. వారానికోసారి సంతలో డబ్బు చూసే రైతు వారంలోనే బాకీ తీర్చగలడు. వేరుశనగ రైతులకు అమ్మదలిస్తే, కంతును పంట కాలానికి జరపమని ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యను ముందే ఒప్పించుకోవాలి.

శిక్షణ ఎక్కడ అన్నదానికి నా మొదటి సూచన బ్యాంకులు జిల్లాల్లో నడిపే ఆర్‌సెటి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి వీటికి మాతృక. భోజనం, వసతి ఉచితం. అంతకంటే విలువైనది, శిక్షణ ముగిశాక రెండేళ్లపాటు వెన్నంటి ఉండాలన్న నియమం. దాన్ని గట్టిగా అడిగి చేయించుకోండి, ఎందుకంటే షాపు మూతపడే ప్రమాదం మొదటి రెండు పంటల మధ్యనే ఎక్కువ. హైదరాబాదులోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) పర్యవేక్షణలో సాగే, రైతులకు సలహా సేవల కేంద్రాలు పెట్టుకోవడం నేర్పే 45 రోజుల అగ్రి క్లినిక్ శిక్షణ ప్రధానంగా వ్యవసాయ పట్టభద్రులకు ఉద్దేశించినది, మీరు చెప్పినవారికి పనికిరాదు. చోళ్లు, కొర్రల పిండి మర వంటివి పెట్టాలనుకునేవారికి చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది కానీ, అది వెంటనే చేతికి రాదు. రుణ ఖాతా సక్రమంగా నడిస్తే మూడేళ్లకు అప్పులో జమవుతుంది. రాయితీని చూసి పెద్ద మరకు పోవద్దని మీవాళ్లకు చెప్పండి.

ఇక పేదరికం మాట. ఇలాంటి శిక్షణలకు ముందుగా పేరిచ్చేది సంఘం లీడర్లు, ఎద్దులూ పొలమూ ఉన్న ఇళ్లవారు. పశువు లేనివారు పేడను కూడా కొనాలి కనుక వారికి మిగిలేది తక్కువ. కూలికి పోయే మహిళలను ఎంపిక చేయదలిస్తే, శిక్షణ రోజుల కూలి వారికి ఇచ్చే ఏర్పాటు, ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక ఆవు కొనే అప్పు ముందే సిద్ధం చేసుకుని, ఆ తర్వాత పేర్లు రాయించండి.