రాత్రి మూడింటికి ఊపిరి అందకపోతే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఈ దేశం వచ్చి ఐదు నెలలైందనీ, మూడు వారాలుగా ఛాతీ పట్టేసినట్టు ఉంటోందనీ, మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, ఆసుపత్రిలో గుండె బాగానే ఉందన్నారనీ రాశావు. చివర్లో ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నావు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆ చివరి మాటే.

అసలు విషయానికి ముందు ఒకటి గుర్తుంచుకో. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, పెదవులు నీలం తిరిగినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, దగ్గులో రక్తం కనిపించినా, స్పృహ తప్పినట్టు అనిపించినా వెంటనే అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యి. సుదీర్ఘ విమాన ప్రయాణం చేసిన కొద్ది వారాల్లో ఒక కాలు వాచి, హఠాత్తుగా ఆయాసం మొదలైతే కూడా అంతే. కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు. అలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. బీమా, డాక్టరు దగ్గర పేరు నమోదు, ఏ ఖర్చు ఎవరు భరిస్తారన్నవి అధికారిక వెబ్‌సైటులో ఉంటాయి, చూసుకో.

ఇక నా సంగతి. 19 ఏళ్ళ క్రితం నా మొదటి చలికాలం ఒక బేస్‌మెంట్ గదిలో ఒక్కణ్ణే గడిపాను. తెల్లవారుజామున మూడు, మూడున్నర మధ్య మెలకువ వచ్చేది. ఛాతీ చుట్టూ తాడు బిగించినట్టు ఉండేది. పడుకుంటే ఊపిరి అందేది కాదు. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ ఉండేవాణ్ణి. ఎదురుగా కిటికీ చట్రం మీద నీటి చుక్కలు, వాటి కింద నల్లటి బూజు మరకలు. ప్రతి రాత్రీ వాటినే చూశాను. నా ఊపిరికీ వాటికీ సంబంధం ఉండవచ్చని ఒక్కసారీ తోచలేదు.

నా మొదటి తప్పు మాట దగ్గర జరిగింది. మనం ఛాతీలో ఏది బిగుసుకున్నా గుండె పట్టేసిందంటాం. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి డాక్టరుకు గుండె నొప్పి అని చెప్పాను. ఈసీజీ తీశారు, గుండె కండరం దెబ్బతిన్నదేమోనని ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. అన్నీ మామూలుగా ఉన్నాయని పంపేశారు. నేను చెప్పిన మాటకు వాళ్ళు చేయవలసిన పరీక్షలు అవే. దగ్గు వస్తోందని, రాత్రే ఎక్కువని, చల్లగాలికి పెరుగుతుందని నేను చెప్పనే లేదు. గుండెపోటు కాదని తేలగానే ఇక ఏ జబ్బూ లేదనుకున్నాను.

రెండో తప్పు దానికి నేనే పేరు పెట్టుకోవడం. ఇదంతా ఒంటరితనం, ఇంటి మీద బెంగ, అలవాటైతే పోతుందని ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాను. అమ్మ ఫోనులో, "మాట మధ్యలో ఆగుతున్నావెందుకురా?" అని అడిగేది. జలుబు అనేవాణ్ణి. వేల మైళ్ళ అవతల ఆమెకు వినిపించింది నాకు వినిపించలేదు. తరువాత ఇంకో కుర్రాడితో కలిసి ఉండే ఇంటికి మారాను. నాలుగో రోజు పొద్దున అతను తలుపు దగ్గర నిలబడి, "అన్నా, రాత్రంతా మీ గదిలోంచి పిల్లికూతలు వినిపించాయి. మీకు ఉబ్బసం ఉందా?" అన్నాడు.

ఆ వారమే మళ్ళీ వెళ్ళి ఈసారి పిల్లికూతల సంగతి చెప్పాను. స్పైరోమెట్రీ అని గొట్టంలోకి బలంగా ఊదించారు. మధ్యాహ్నం కాబట్టి మామూలుగానే వచ్చింది. ఉబ్బసంలో శ్వాసనాళాలు తెల్లవారుజామున ఎక్కువగా ముడుచుకుని, పగలు తెరుచుకోవచ్చు. అందుకే ఊదిన గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే చిన్న పీక్‌ఫ్లో మీటరు ఇచ్చి రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది రాసుకోమన్నారు. పొద్దున నిమిషానికి 340 లీటర్లు, సాయంత్రం 450. దాదాపు రోజూ అంతే తేడా. మళ్ళీ స్పైరోమెట్రీ ఉదయాన్నే చేశారు. ఒకసారి ఊదించి, ఇన్‌హేలర్ మందు పీల్పించి, పావుగంట తరువాత మళ్ళీ ఊదించారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగితే ఉబ్బసానికి గట్టి ఆధారం. నాకు పెరిగింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

నీదీ ఉబ్బసమేనని నేను అనడం లేదు. భోజనం చేయగానే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి తన్ని ఛాతీ బిగుస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా మెట్ల మీద ఆయాసం వస్తుంది. నడిస్తే బిగిసి, ఆగితే వదిలేదైతే గుండెను మళ్ళీ చూపించాలి. విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో పూడిక లేదని కాదు. మన దక్షిణాసియా వాళ్ళకు గుండెజబ్బు చిన్న వయసులోనే రావడం ఎక్కువ. ఆందోళన వల్ల కూడా ఛాతీ నిజంగానే బిగుస్తుంది, దానికీ వైద్యం ఉంది. కానీ ఆ పేరు డాక్టరు మిగతావి చూశాక పెట్టాలి, నువ్వు రాత్రి మూడింటికి పెట్టుకోకూడదు. వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరంలో 97, 98 చూసి కూడా నిశ్చింతగా ఉండకు. నాకు రాత్రిళ్ళు అంతే ఉండేది.

మందు మొదలయ్యాక ఇంకో తప్పు చేశాను. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి, తగ్గగానే రోజువారీ మందు మానేశాను. మూడు వారాలకు మళ్ళీ మంచం అంచునే కూర్చున్నాను. శ్వాసనాళాల్లో వాపు తగ్గించే ఆ మందు వ్యసనం కాదు. డాక్టరును అడగకుండా మానవద్దు. పీల్చాక నోరు పుక్కిలించాలి, అంతే.

మీ తరానికి అన్నీ ఫోనులోనే దొరుకుతాయి, లక్షణాలు వెతికి నువ్వు ఇప్పటికే పది జబ్బులు చదివి ఉంటావు. అయినా నీ నిద్రలోని చప్పుడు వినడానికి పక్కన మనిషి లేడు. నేను ఈ దేశంలో ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు అన్నీ నిలబెట్టుకున్నాను. ఆ ఎనిమిది నెలలు మాత్రం ఒక మనిషి లేక పోగొట్టుకున్నాను. ఈ రోజే మీ అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పు. పక్కింటివాళ్ళతోనో, ఆఫీసులో నీ పక్క సీటతనితోనో నీకు ఊపిరి ఇబ్బంది ఉందని చెప్పి, నంబరు ఇచ్చి పుచ్చుకో.

ఈ రాత్రి ఫోనులో రికార్డర్ పెట్టి దిండు పక్కన ఉంచి పడుకో. మెలకువ వస్తే టైము, దగ్గు ఉందా, కూర్చుంటే తగ్గిందా అన్నది కాగితం మీద రాయి. వారం తరువాత ఆ కాగితం, ఆ శబ్దం రెండూ డాక్టరు ముందు పెట్టు. వెళ్ళేటప్పుడు వీలైతే ఎవరినైనా వెంట తీసుకెళ్ళు. ఎవరూ దొరక్కపోతే నాకు రాయి, ఆ సమయానికి ఫోనులో నేను ఉంటాను.