పాపని చూసే మనిషి రాని రోజు సంగతి ముందు తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: పాపకి ఆరో నెల నడుస్తోంది, వచ్చే నెల డ్యూటీలో చేరాలి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అత్తగారు కందుకూరులో ఇల్లు, గేదెలు వదిలి రాలేరు, నెల్లూరులో డే కేర్‌లో వేయాలా ఆయాని పెట్టుకోవాలా తేలడం లేదు, ఈలోపు మీ ఆయన "కొన్నాళ్ళు మానెయ్యరాదా" అని రోజుకో మాట వేస్తున్నారు. అత్తగారు, ఆయమ్మ, డే కేర్ మూడూ చూసినదాన్ని నేను. కోవూరు వైపు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఇల్లు వేదాయపాలెం. మా పాప ఇప్పుడు నర్సరీకి పోతోంది కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తున్నా.

డే కేరా ఆయానా అనేది తర్వాత. ఆ చూసే మనిషి రాని రోజు పాప ఎవరి దగ్గర ఉంటుందో ముందు అది తేల్చుకోండి. మామూలు రోజులు ఎలాగో గడిచిపోతాయి. మన ప్రాణం తీసేది ఆయమ్మ ఊళ్ళో తిరునాళ్ళ, ఆమె ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్, లేదంటే పాపకి ఒళ్ళు కాలుతోందని డే కేర్ నుంచి పదకొండింటికి వచ్చే ఫోను. జ్వరం ఉన్న బిడ్డని ఏ డే కేరూ ఉంచుకోదు, ఉంచుకోకూడదు కూడా, మిగతా పిలకాయలకి అంటుకుంటుంది. చేరిన మొదటి నెలల్లో ఒక జలుబు తగ్గకముందే ఇంకోటి తగులుకుంటుంది, నలుగురు పిల్లలు కలిసిన చోట అంతే, దానికి మీరు ఉద్యోగం చేయడమే కారణమని ఎవరైనా అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి.

మా ఇంట్లో ఏం చేశామంటే, ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాం. వారంలో ప్రతి రోజుకీ రెండు పేర్లు. మొదటి పేరు ఆయమ్మది. రెండో పేరు సోమ, బుధ, శుక్రవారాల్లో మా ఆయనది, మిగతా రోజుల్లో నాది. ఆయమ్మ రాకపోతే ఆ రోజు రెండో పేరున్నవాళ్ళే సెలవు పెట్టాలి, పొద్దున్నే ఏడింటికి వంటింట్లో నిలబడి "నాకు మీటింగ్ ఉంది, నీకేముంది" అనే పంచాయితీ లేదు. ఆయన మెడికల్ రెప్, డాక్టర్ల దగ్గరికి పోవడం పది తర్వాతే కాబట్టి పొద్దున పాప స్నానం, ఉగ్గు ఆయన పని. మా ఆడబిడ్డ ఒకసారి "మా అన్న నీకెంత సాయం చేస్తాడో వదినా" అంది. సాయం ఏంది అమ్మాయ్, ఆయన బిడ్డే కదా అన్నాను, గమ్మునైపోయింది. మీ ఆయన ఈసారి "మానెయ్యరాదా" అంటే గొడవ పడకండి, ఇలాంటి కాగితమే ముందు పెట్టి ఆయన పేరు ఏయే రోజుల్లో రాయాలో అడగండి.

ఇక డే కేర్. మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, బాలాజీ నగర్ వైపు చూడండి. బోర్డు చూసి, ఏసీ చూసి, గోడ మీద బొమ్మలు చూసి మాత్రం చేర్చకండి. చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో వెళ్ళండి, అన్నాలు పెట్టి పడుకోబెట్టే టైమ్ అది, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. ఒక చోట నేను చూసింది చెప్తాను. ఆయా ఒక చంటివాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, సీసా నోట్లో పెట్టి, అది జారకుండా మడిచిన తువ్వాలు ఆనించి, ఇంకో పాపకి గుడ్డ మార్చడానికి వెళ్ళింది. పాలు బుగ్గ మీదుగా చెవిలోకి కారుతున్నాయి, వాడు తల తిప్పుకోలేక గుటకలు మింగుతున్నాడు. పాలు గొంతుకి అడ్డం పడితే అక్కడ చూసేవాళ్ళు లేరు. మేడమ్ మాత్రం నాకు యాప్‌లో ఫోటోలు ఎలా వస్తాయో చూపిస్తోంది! వచ్చేశాం. బిడ్డని ఎత్తుకుని పాలు పడుతున్నారా లేదా అన్నదొక్కటి చూస్తే చాలు, అక్కడ సరిపడా మనుషులున్నారో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత నీళ్ళ సంపు మూత, మెట్ల దగ్గర గేటు, బాత్రూమ్‌లో నిండుగా ఉన్న బకెట్లు మీ కళ్ళతో చూసుకోండి. సీసీ కెమెరా ఉందని వాళ్ళు పదిసార్లు చెప్తారు, కెమెరా బిడ్డని ఎత్తుకోదు.

మేము చివరికి ఏడాది నిండేదాకా ఆయమ్మని పెట్టుకుని, ఆ తర్వాత డే కేర్‌కి మారాం. మీ పాప వయసుకి నాదీ అదే సలహా, మనిషి దొరికితే. ఆయమ్మ బుచ్చి నుంచి బస్సులో వచ్చేది. అప్పట్లో ఛార్జీలకే జీతంలో కొంత పోతుందని చాలామంది ఒప్పుకునేవాళ్ళు కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు కాబట్టి కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు కూడా అడిగి చూడండి. ఆ మాటకొస్తే మీ అత్తగారు కూడా కందుకూరు నుంచి ఖర్చు లేకుండా వచ్చి నాలుగు రోజులుండి పోవచ్చు. వచ్చి ఇక్కడే ఉండమంటే రారు గానీ, కాగితంలో రెండో పేరుగా ఉండమంటే ఒప్పుకుంటారేమో కదిపి చూడండి, గేదెలని ఆ రెండు రోజులు మీ మామగారు చూసుకోలేరా ఏంది.

ఆయాని మీరు చేరే రోజు నుంచి రమ్మనకండి. కనీసం రెండు వారాల ముందు పిలిచి మీరు ఇంట్లో ఉండగానే అలవాటు చేయండి, తర్వాత ఒక గంట బయటికి పోయి రండి, తర్వాత ఒక పూట. నెలకి ఇన్ని సెలవులు జీతంతో అని ముందే మాట్లాడేసుకుంటే చెప్పాపెట్టకుండా మానేయడం తగ్గుతుంది. ఆమె కూడా పిల్లల్ని ఇంట్లో వదిలి పనికొచ్చే తల్లే, వాళ్ళకీ జ్వరాలొస్తాయి, ఆ పూట మనం ఎంత గింజుకున్నా న్యాయం ఆమె వైపే ఉంటుంది.

పాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఆ తర్వాత ఉగ్గు, మెత్తటి పప్పన్నం మొదలుపెట్టి రెండేళ్ళ దాకా పాలు కూడా ఇవ్వొచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. ఉద్యోగంలో చేరితే పాలు మాన్పించాల్సిందే అనుకోకండి. పంపుతో తీసి పెట్టుకోవచ్చు. బయట 4 గంటలు ఉంటాయని రాస్తారు, అది 25 డిగ్రీల లోపు ఉన్న గదికి రాసిన లెక్క, రోహిణి కార్తెలో మన నెల్లూరుకి కాదు. ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంచొచ్చు, తలుపు దగ్గర పెట్టకుండా లోపలికి పెట్టండి. పట్టేముందు గిన్నెలో వేడి నీళ్ళు పోసి అందులో సీసా ఉంచితే చాలు, పొయ్యి మీద కాచకూడదు. పాప తాగి వదిలేసిన పాలు 2 గంటలు దాటితే పారబోయండి. మా పాప సీసా ముట్టనే లేదు, అత్తగారు ఉగ్గుగిన్నెతో పట్టారు, ఆవిడ ఓపికకి దండం పెట్టాలి.

ఆఫీసులో ఆ పాలు దాచుకోవడం ఇంకో కథ. మా కంపెనీలో రొయ్యల్ని మైనస్ 40లో గడ్డ కట్టించి మైనస్ 18లో దాచే గదులున్నాయి, ఒక తల్లి పాల సీసా పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. స్టోర్ రూమ్‌లో పాత ఫైళ్ళ బీరువాల మధ్య, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పంపు చేసేదాన్ని. తర్వాత ప్యాంట్రీ ఫ్రిజ్‌లో మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి పైన నా పేరు రాశాను. ఎవరో టీకి పాలు అయిపోయి దాన్ని తీసి చూశారని తెలిసిన మధ్యాహ్నం నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆ మర్నాడే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి వేరే చిన్న ఫ్రిజ్ తెప్పించుకున్నా.

మీరు కూడా ఏది అడిగినా నోటితో కాకుండా మెయిల్‌లో అడగండి. 2017లో ప్రసూతి సెలవుల చట్టం మార్చి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు చేసిన సంగతి అందరికీ తెలుసు. బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకి రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలని, అది మామూలు రెస్ట్ టైమ్ కాక అదనమని చాలామందికి తెలియదు. మా మేనేజర్ "ఇదెక్కడి రూలమ్మా" అన్నారు, ప్రింటు తీసి ఇచ్చాను. రెండు విరామాలూ కలిపి సాయంత్రం ముందుగా పోతానంటే, నెలాఖరు రోజులు తప్పించి ఒప్పుకున్నారు. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డని చూసి రావచ్చు. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి.

ఉన్నాయి సరే. మా కంపెనీలోనే రొయ్యలు ఒలిచే షెడ్‌లో ఆడవాళ్ళు మేస్త్రీ కింద పనికొస్తారు, తెల్లారేసరికి బస్సెక్కాలి, వాళ్ళ పిలకాయలు జేజి దగ్గరో పక్కింట్లోనో ఉంటారు. క్రెష్ మాట నేనెత్తితే "ఎవరూ అడగలేదు కదమ్మా" అన్నారు. అడిగితే రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషి ఏం అడుగుతుంది? నాకు ఫ్రిజ్ వచ్చింది, వాళ్ళకి ఏమీ రాలేదు. కేంద్రం పాల్నా పథకం కింద 6 నెలల నుంచి 6 ఏళ్ళ పిల్లలకి అంగన్‌వాడీతో కలిపి క్రెష్‌లు పెడుతోంది, మీ దగ్గర్లో ఒకటుందేమో అంగన్‌వాడీలని చూసే ఐసీడీఎస్ ఆఫీసులో కనుక్కోండి. మామూలు అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండాకే.

అత్తగారు వచ్చి ఉన్నప్పుడు ఉగ్గులో తేనె, కళ్ళకి కాటుక, మధ్యలో గుక్కెడు నీళ్ళు అని మొదలవుతుంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు, ప్రమాదం. మనం చెప్తే "మేం పెంచలేదా" అంటారు, అదీ నిజమే కాబట్టి వాదన తెగదు. ఈసారి పొగతోటలో పిల్లల డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకుపోండి, ప్రశ్న ఆవిడ చేతే అడిగించండి. టీకాలు వీలైతే శనివారం వేయించండి, రాత్రికి జ్వరం వచ్చినా మర్నాడు ఇంట్లో ఉంటారు.

వంట గురించి ఎక్కువ బుర్ర పెట్టకండి. ఆదివారం దోశల పిండి రుబ్బి పెట్టుకోవడం, చేపల పులుసు కాస్త ఎక్కువ చేసుకోవడం. మన పులుసు మర్నాడే కదా రుచి, సోమవారం అన్నం వండితే చాలు.

పాప ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు మీరు గడప దాటితే గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ వయసులో అందరు పిల్లలూ అంతే. కళ్ళు గప్పి జారుకోకండి, టాటా చెప్పి, ముద్దు పెట్టి వెళ్ళిపోండి, మీరు మలుపు తిరిగేలోపు ఊరుకున్న రోజులే ఎక్కువ ఉంటాయి. బస్సులో మనం ఏడుస్తాం, అది వేరే.

బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండక్కి కోరికకో రొట్టె మార్చుకుంటారు కదా, ఉద్యోగం రొట్టె ఉంది, సంతానం రొట్టె ఉంది, రెండూ ఫలించినవాళ్ళకి ఆయా రొట్టె మాత్రం లేదని మా కొలీగ్ ఒకావిడ నవ్వేది. మానేయడం గురించి అంటారా, పాప కాస్త పెద్దయ్యాక మళ్ళీ ఇదే జీతంతో చేరొచ్చనుకుంటే మన ఊళ్ళో అంత తేలిక కాదు, కాబట్టి మానేసేది తర్వాతైనా మానేయొచ్చు. ముందు రెండు పేర్ల కాగితం రాయండి, విరామాల కోసం మెయిల్ పెట్టండి, ఓ మూడు నెలలు చూడండి. మీది వేదాయపాలెం చుట్టుపక్కలైతే చెప్పండి, మా ఆయమ్మ చెల్లెలు పని వెతుక్కుంటోంది, నెమ్మదైన మనిషి, తిరునాళ్ళకి మాత్రం సెలవు ఇవ్వాల్సిందే.